రొమ్ము కాన్సరు: అపోహల పుట్టుపూర్వోత్తరములు

పారసీక సామ్రాజ్యమును డెరయస్ చక్రవర్తి పాలించుచుండిన కాలమున, అనగా క్రీస్తుపూర్వము 6వ శతాబ్ది చివరి భాగమున, ఆతని రాణి అటోసాకు రొమ్ముమీద ఒక గడ్డ లేచెను. ఈమె సైరస్ చక్రవర్తి కుమార్తె. గడ్డ చిన్నదిగా నున్నంతకాలము ఆమె సిగ్గుచే దానిని దాచి ఎవ్వరికిని చెప్పలేదు. అది పగిలి, పుండై, చుట్టును పాకనారంభించిన పిమ్మట మాత్రమే డెమోసిడీస్ అను గ్రీకు వైద్యుని పిలిపించెను. ఆతడు దానిని మాన్పెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసియున్నాడు. అది కాన్సరో, కేవలము చీముగడ్డయో నేడు తేల్చుట సాధ్యము కాదు. మానినదనుటను బట్టి చీముగడ్డయే యని తలచువారును కలరు. ఏమైనను ఆ కథలోని ఒక్క సంగతి మాత్రము 25 శతాబ్దములు గడచినను పాతబడలేదు. రాణి గడ్డను దాచెను. పుండైన తరువాతనే వైద్యుడు దానిని చూచెను.

భారతదేశమున నేటికిని పెక్కుమంది రోగులు ఆస్పత్రి గడప త్రొక్కునప్పటికి రోగము ముదిరియే యుండును. 2022వ సంవత్సరమున ఈ దేశములో సుమారు 1,92,000 మంది స్త్రీలలో ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినదనియు, ఆ యేడు సుమారు 98,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థవారి అంచనా. వైద్యమునకు లొంగు దశలోనే పట్టుకొనదగిన రోగమునకు ఇది చాల హెచ్చు సంఖ్య. ఈ ఆలస్యమునకు దారిద్ర్యము, ఆస్పత్రుల దూరము ముఖ్యకారణములు. వానికి తోడు అపోహలు.

నొప్పి లేని గడ్డవలన ప్రమాదము లేదని కొందరందురు. కత్తి తగిలినచో రోగము దేహమంతటికిని పాకునని మరికొందరందురు. పాలు గడ్డకట్టుటవలన వచ్చునని, దెబ్బ తగులుటవలన వచ్చునని, అంటుకొనునని, వంశములో లేనివారికి రానేరదని, వచ్చినచో రొమ్మంతయు తీసివేసినగాని ప్రాణము దక్కదని—ఇట్లు పలువిధములు. వీనిని పామరుల అజ్ఞానమని త్రోసివేయుట సులభమే. కాని చరిత్రను తిరుగవేసి చూచినచో వీనిలో పెక్కు రచ్చబండలకడ పుట్టినవి కావనియు, వైద్యుల గ్రంథములలోనే పుట్టి, అచ్చట కొట్టివేయబడిన తరువాత కూడ జనుల నోట మిగిలిపోయినవనియు తెలియును. ప్రతి అపోహ వెనుకను ఎవరో కండ్లార చూచిన సత్యమొకటి కలదు. చూచినది తప్పు కాదు. దానికి చెప్పుకొన్న కారణము తప్పు.

నల్లపిత్తము, కత్తి

ఈజిప్టుదేశపు ప్రాచీన వైద్యగ్రంథమొకటి 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికనుచే కొనబడి, ఆతని పేరుతోనే ప్రసిద్ధికెక్కినది. సుమారు 3,600 ఏండ్ల క్రింద వ్రాయబడిన ఆ ప్రతిలో రొమ్ముమీద ఉబ్బెత్తుగా లేచు గడ్డల వర్ణన కలదు. ఆ గ్రంథకర్త దీనికి వైద్యము లేదని ముగించెను. మన సుశ్రుతసంహితలో అర్బుదమను పేర వర్ణింపబడిన గడ్డ గుండ్రనిది, కదలనిది, లోతుగ వేళ్లూనినది, మెల్లగా పెరుగునది, చీముపట్టనిది, నొప్పి స్వల్పముగా గలది. దానిని కొంచెమేని మిగిల్చి కోసినచో మరల పుట్టునని కూడ సుశ్రుతుడు హెచ్చరించెను. నొప్పి లేకపోవుట మంచి గుర్తు కాదని ఆ వర్ణనను బట్టియే గ్రహింపవచ్చును.

గ్రీకులు దీనికి ఎండ్రకాయ అను అర్థముగల పేరు పెట్టిరి. గడ్డ చుట్టును ఉబ్బిన రక్తనాళములు ఎండ్రకాయ కాళ్లవలె కనబడుటయే ఆ పేరునకు కారణమని గేలెన్ వివరించెను. క్రీస్తుశకము 2వ శతాబ్దికి చెందిన ఈ రోము నగర వైద్యుడు ఐరోపా వైద్యమును సుమారు 1,500 ఏండ్లు ఏలెనని చెప్పవచ్చును. దేహములో రక్తము, శ్లేష్మము, పచ్చపిత్తము, నల్లపిత్తము అని నాలుగు రసములు కలవనియు, నల్లపిత్తము మితిమీరి ఒకచోట పేరుకొనుటయే కాన్సరనియు ఆతని సిద్ధాంతము. స్త్రీలకు నెలసరి ఆగిపోయిన తరువాత ఈ రోగము హెచ్చుగా వచ్చుటను ఆతడు గమనించెను. గమనించినది నిజము. ప్రతినెలయు బయటికిపోవలసిన చెడు రసము లోపలనే నిలిచిపోవుటచేత అట్లగుచున్నదని ఆతడు చెప్పిన కారణము మాత్రము కల్పన. వయస్సు ముదిరినకొలది ఈ రోగము హెచ్చుననుటయే అందలి అసలు సంగతి.

ఈ సిద్ధాంతమునుండియే కత్తి భయము బలపడినది. దోషము దేహమంతటను ప్రవహించు రసములో నున్నప్పుడు ఒకచోట కోసి ప్రయోజనమేమి? లోపల దాగియున్న కాన్సరును కదపకుండుటయే మేలని అంతకు పూర్వమే హిపొక్రటీసు సంప్రదాయమువారు చెప్పియుండిరి. దీనికి అనుభవము కూడ తోడ్పడినది. ఆ కాలమున శస్త్రచికిత్సకు వచ్చువారందరును పుండుపడిన దశలో వచ్చినవారే. అప్పటికే రోగబీజములు ఊపిరితిత్తులకును ఎముకలకును చేరియుండెడివి. కోసిన కొన్ని నెలలకు రోగి మరణించినచో చూచినవారికి కత్తియే కనబడెను. కనబడకుండ ముందే పాకిన రోగము కనబడలేదు. నేటికిని సూదితో గడ్డనుండి చిన్న ముక్క తీసి పరీక్షింతుమన్నచో భయపడి లేచిపోవువారు తమకు తెలియకయే హిపొక్రటీసు శిష్యులు. అట్టి పరీక్షవలన రోగి ఆయుర్దాయము తగ్గినట్లు దీర్ఘకాల పరిశీలనలలో కనబడలేదు. ఆ ముక్కను సూక్ష్మదర్శినిలో చూడకుండ ఏ గడ్డ కాన్సరో, ఏది కాదో నిశ్చయముగా చెప్పుట సాధ్యము కాదు. చేతికి తగులు గడ్డలలో ఎక్కువభాగము కాన్సరు కావు. కావని తెలిసికొనుటకు కూడ ఆ పరీక్షయే దారి.

నొప్పి సంగతియు ఇట్టిదే. చీముగడ్డ వేడెక్కి సలుపును గనుక రోగి పరుగెత్తుకొని వచ్చును. కాన్సరు కణములు పాలనాళముల గోడలలో పుట్టి, నరములను నొక్కకుండ మెల్లగా పెరుగును. అందుచేత తొలిదశలో చాలమందికి బాధయుండదు.

అంటు, పాలు, దెబ్బ

నల్లపిత్తము శవచ్ఛేదములలో ఎవ్వరికిని కనబడకపోవుటచే 17, 18 శతాబ్దులలో క్రొత్త కారణములు వెదకబడెను. రొమ్ములో పాలు పేరుకొని గడ్డకట్టి కాన్సరగునని కొందరు వైద్యులు వ్రాసిరి. బాలింతలకు పాలు నిలిచి గడ్డలు కట్టుట అందరెరిగినదే గనుక ఈ మాట సులభముగా నాటుకొన్నది. హాలెండు వైద్యుడు నికొలాస్ టుల్ప్—రెంబ్రాంట్ 1632లో వ్రాసిన శరీరశాస్త్ర పాఠపు చిత్రములో శవము చేతిని విప్పి చూపుచున్న పెద్దమనిషి ఈతడే—పుండుపడిన రొమ్ము కాన్సరుగల యజమానురాలినుండి ఆమె పనికత్తెకు రోగము అంటుకొన్నదని తలచెను. ఒకే యింట ఇద్దరికి వచ్చుట ఆతడు చూచినదే. సామాన్యముగ నుండు రోగము ఒకే కప్పు క్రింద ఇద్దరికి కలుగుట యాదృచ్ఛికముగ కూడ జరుగవచ్చునని లెక్కించి చూచు పద్ధతి అప్పటికింకను పుట్టలేదు.

ఈ సిద్ధాంతపు ఫలితమును రోగులు అనుభవించిరి. ఫ్రాన్సులోని రాన్స్ నగరమున 1740లో కాన్సరు రోగులకొరకు ఒక ఆస్పత్రి స్థాపింపబడెను. జాన్ గొడినో అను క్రైస్తవ మతాధికారి ధనమిచ్చెను. అంటుకొనునను భయముతో పౌరులు ఒత్తిడి చేయగా 1779లో ఆ ఆస్పత్రిని ఊరి వెలుపలికి తరలింపవలసివచ్చెను. రొమ్ము కాన్సరు ఒకరినుండి మరొకరికి తాకుటచేత గాని, కలిసి భుజించుటచేత గాని రాదు. ఈ మాట తెలియక రోగి కంచమును, మంచమును వేరుచేయు ఇండ్లు నేటికిని కలవు.

పాలను గూర్చిన భయమునకు 20వ శతాబ్దిలో మరియొక ఆధారము దొరకినట్లయినది. అమెరికాలో జాన్ బిట్నర్ 1936లో కొన్ని జాతుల చుంచులలో రొమ్ము కాన్సరును కలిగించు పదార్థము తల్లిపాలద్వారా పిల్లలకు చేరుచున్నదని కనుగొనెను. అది వైరసని తరువాత తేలినది. ఇది చుంచులయందు అక్షరాల నిజము. మనుష్యులయందు పాలద్వారా అట్లు వచ్చినట్లు రుజువు కాలేదు. పైగా 30 దేశములలో జరిగిన 47 పరిశీలనలను కలిపి 2002లో లెక్క చూడగా, తల్లి బిడ్డకు పాలిచ్చిన ప్రతి 12 నెలలకు ఆమెకు ఈ రోగము వచ్చు అవకాశము 4.3 శాతము చొప్పున తగ్గుచున్నదని తేలినది.

దెబ్బవలన వచ్చునను నమ్మకమును గూర్చి పెక్కుమాటలు అక్కరలేదు. దెబ్బ తగిలినచోట చేయివేసి తడిమి చూచుట మానవస్వభావము. అదివరకే యున్న గడ్డ అప్పుడు బయటపడును. ఇట్లే బిగుతైన లోదుస్తులవలన వచ్చునని ఇటీవల పుట్టిన మాటకు 2014లో అమెరికాలో జరిగిన పరిశీలనలో ఏమాత్రము ఆధారము దొరకలేదు.

సన్యాసినులు చెప్పిన లెక్క

ఇటలీ వైద్యుడు రమజ్జినీ వృత్తులకును రోగములకును గల సంబంధమును గూర్చి గ్రంథము వ్రాసినవాడు. కన్యకామఠములలోని క్రైస్తవ సన్యాసినులకు రొమ్ము కాన్సరు హెచ్చుగ వచ్చుటను ఆతడు 18వ శతాబ్ది ఆరంభముననే గుర్తించెను. రొమ్మునకును గర్భాశయమునకును గల రహస్యమైన సానుభూతి చెడుటయే కారణమని ఆతడు తలచెను. మరి నూరేండ్లకుపైగా గడచిన తరువాత 1842లో రిగోనీ స్టెర్న్ అను వైద్యుడు వెరోనా నగరపు 1760 మొదలు 1839 వరకు గల మరణముల పట్టికలన్నిటిని తిరుగవేసెను. సన్యాసినులలో రొమ్ము కాన్సరు హెచ్చు, గర్భాశయపు కాన్సరు తక్కువ అని అంకెలతో చూపెను. మందు కనిపెట్టుటగాని కత్తి పట్టుటగాని లేకుండ, కేవలము పాత దస్తరములను కూర్చి చదివి ఒక రోగమును గూర్చి క్రొత్త సత్యమును తెలిసికొనుటకు ఇది చక్కని నిదర్శనము. 1926లో ఇంగ్లండున జానెట్ లేన్ క్లేపన్ అను వైద్యురాలు ఈ మార్గముననే ఇంకొక అడుగు వేసెను. రోగముగల 500 మంది స్త్రీలను, ఆ రోగము లేని 500 మంది స్త్రీలను ఎన్నుకొని, వారి వివాహము, కాన్పులు, పాలిచ్చిన కాలము మొదలగు విషయములను సరిపోల్చెను. కాన్పులు లేనివారికిని, పాలియ్యనివారికిని ఈ రోగము హెచ్చని తేలినది. రోగులను రోగములేనివారితో పోల్చు ఈ పద్ధతి తరువాత వైద్యశాస్త్రమునకు గొప్ప ఆయుధమయ్యెను.

దీనికి కారణమును తెలిపినది ఆవులు. గ్లాస్గో నగరమున జార్జి బీట్సన్ అను వైద్యుడు పాలు పుట్టు విధమును గూర్చి తన వైద్యపరీక్షకు వ్యాసము వ్రాయుచు, ఈనిన ఆవుకు అండాశయములను తొలగించినచో అది చాలకాలము వట్టిపోక పాలిచ్చునని కొన్ని దేశముల రైతులకు తెలిసియుండెనని చదివెను. అనగా రొమ్ముమీద అండాశయముల అధికారము నడచుచున్నదన్నమాట. 1895లో రోగము ముదిరి తిరుగబెట్టిన 33 ఏండ్ల స్త్రీకి ఆతడు అండాశయములను తొలగించెను. కొలది నెలలలో గడ్డలు కరగిపోయెను; ఆమె మరి సుమారు 4 ఏండ్లు జీవించెను. 1896లో ఇది ప్రకటింపబడినప్పటికి హార్మోను అను మాటయే పుట్టలేదు. ఈ చికిత్స అందరికిని పనిచేయకపోవుట చాలకాలము చిక్కుసమస్యగా నుండెను. కొన్ని కాన్సరు కణములలో ఈస్ట్రోజెన్ అను హార్మోనును పట్టుకొను గ్రాహకములు కలవనియు, కొన్నింటిలో లేవనియు అమెరికాలో ఎల్వుడ్ జెన్సెన్ తరువాత కనుగొనుటతో ఆ చిక్కు విడినది. గ్రాహకములున్నచోట హార్మోనును అడ్డగించు టామాక్సిఫెన్ అను మందు 1971లో మాంచెస్టరు నగరమున రోగులపై చేసిన పరీక్షలలో పనిచేసినట్లు వెల్లడియయ్యెను. నేడు ఆ మాత్రలు అండాశయములను కోయు పనిని చాలవరకు తప్పించినవి.

ఎంత కోసినచో అంత మేలా?

1757లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు లెద్రాన్ కాన్సరు మొదట ఒకచోటనే పుట్టి, తరువాత లింఫు నాళములద్వారా చంకలోని గ్రంథులకు—వాడుకలో బిళ్లలనెడి వానికి—ప్రాకునని వ్రాసెను. నల్లపిత్తమునకు ఇది గొడ్డలిపెట్టు. ఒకచోటనే పుట్టునదైనచో తొందరగా కోసి తీయవచ్చును. కాని మత్తుమందు లేని ఆ కాలమున కోయించుకొనుట సామాన్యమా? ఇంగ్లీషు నవలా రచయిత్రి ఫానీ బర్నీ పారిస్‌లో నుండగా 1811 సెప్టెంబరు 30న నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారే ఆమె రొమ్మును కోసి తీసివేసెను. ఆమెకు ఇచ్చినది కొంచెము ద్రాక్షసారాయి, ముఖముపై కప్పినది ఒక చేతిరుమాలు. ఆ పలుచని గుడ్డలోనుండి కత్తి మెరుపును ఆమె చూచెను. ఈ సంగతిని సోదరికి ఉత్తరముగ వ్రాయుటకు ఆమెకు నెలలు పట్టినది. వ్రాసినదానిని తిరిగి చదువుకొనలేకపోయినది. ఆమె 1840 వరకు, 87 ఏండ్లు జీవించెను. ఆమె గడ్డ నిజముగ కాన్సరేనా యని సందేహించువారు కలరు గాని ఆమె ధైర్యమును సందేహించువారు లేరు.

విచిత్రమేమనగా అంతకు 7 ఏండ్ల పూర్వమే, 1804లో, జపాను వైద్యుడు హనఓక సెయిషూ 60 ఏండ్ల వృద్ధురాలికి మత్తిచ్చి రొమ్ము గడ్డను తీసియుండెను. ఆ మత్తుమందులో ముఖ్యమైనవి ఉమ్మెత్త, నాభి—మన పల్లెలలో పిల్లవాండ్రు కూడ ఎరిగిన విషపు మొక్క ఉమ్మెత్త. జపాను అప్పుడు పరదేశములతో రాకపోకలు దాదాపు మూసివేసికొనియుండుటచే ఈ వార్త పారిస్ చేరలేదు. 1846లో అమెరికాలో ఈథరు వాడుకలోనికి వచ్చెను. 1867లో లిస్టర్ తన సోదరి రొమ్ము కాన్సరునకు కార్బాలిక్ ఆమ్లపు రక్షణతో శస్త్రచికిత్స చేసెను. నొప్పి, చీము అను రెండు అడ్డంకులును తొలగినవి. ఇక ఎంత కోయవలెనను ప్రశ్న మిగిలినది.

దీనికి జవాబు చెప్పినవాడు అమెరికా శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్. కాన్సరు నీటిలో రాయి వేసిన అలవలె కేంద్రమునుండి వరుసగ చుట్టును వ్యాపించుననియు, ఆ వలయమును దాటి కోసినచో రోగము సమూలముగ పోవుననియు ఆతని విశ్వాసము. 1882లో ఆరంభించిన ఈ సమూల స్తనచ్ఛేదములో రొమ్ము మాత్రమే కాక దాని క్రింది ఛాతీ కండరములు, చంకలోని గ్రంథులు కూడ తీసివేయబడెడివి. 1894లో ఆతడు 50 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించెను. కోసినచోట గడ్డ తిరిగి పుట్టినది నూటికి 6 గురికి మాత్రమే. ఆనాటి ఐరోపా వైద్యుల రోగులలో సగముకంటె హెచ్చుమందికి తిరిగి పుట్టుచుండెను. ప్రపంచమంతయు హాల్‌స్టెడ్‌కు జేజేలు కొట్టినది. ఆతడు మోటు శస్త్రకారుడు కాడు. రక్తము వృథాగా పోనీయని నెమ్మదైన హస్తము ఆతనిది. శస్త్రశాలలో రబ్బరు చేతిదొడుగులను ప్రవేశపెట్టినది కూడ ఆతడే.

కాని ఇందొక పొరపాటు దాగియుండెను. కోసినచోట గడ్డ తిరిగి పుట్టకుండుట వేరు, రోగి బ్రదుకుట వేరు. ఛాతీ శుభ్రముగ నుండగనే ఎముకలలోను కాలేయములోను రోగము తేలి మరణించువారు పెక్కుమంది. దానికి విరుగుడుగా శిష్యులు చెప్పినది ఇంకను ఎక్కువ కోయవలెననియే. 1950 ప్రాంతమున కొందరు ప్రక్కటెముకలను కూడ తీయసాగిరి. ఛాతీ గుంటపడి, చేయి బోదకాలువలె వాచి, భుజము కదలనీయక స్త్రీలు జీవించిరి. కణితి కొలతలో చిన్నదైనను, పెద్దదైనను కత్తి మాత్రము ఒకటే. సుమారు 90 ఏండ్లు ఈ ఆచారము సాగినది.

లండను నగరమున జెఫ్రీ కీన్స్—ఆర్థికశాస్త్రజ్ఞుడు కీన్స్‌కు తమ్ముడు—1924 మొదలు రొమ్మును తీయక, గడ్డను మాత్రము తీసి రేడియం సూదులను వాడి, ఫలితములు తక్కువగా లేవని చూపెను. తోటివారు పెడచెవిని పెట్టిరి. అమెరికాలో జార్జి క్రైల్ 1955లో సమూలచ్ఛేదమునకు వ్యతిరేకముగ గ్రంథము వ్రాయగా సొంత వృత్తివారే మండిపడిరి. వాదములతో తెగని తగవును తెంపినది చీట్లు. రోగులను వారి సమ్మతితో చీట్లు వేసినట్లు గుంపులుగ విభజించి, గుంపునకొక చికిత్స చేసి, ఏండ్ల తరబడి వేచిచూచు పద్ధతిని పిట్స్‌బర్గు వైద్యుడు బెర్నార్డ్ ఫిషర్ 1971లో ఆరంభించెను. చంకలో గ్రంథులు తగలని 1,079 మంది స్త్రీలలో సమూలచ్ఛేదము పొందినవారికిని, కండరములను ఉంచి రొమ్మును మాత్రము తీయించుకొన్నవారికిని 25 ఏండ్ల తరువాత కూడ ఆయుర్దాయములో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు.

1976లో ఆతడు మరింత సాహసము చేసెను. 1,851 మంది స్త్రీలలో కొందరికి రొమ్మంతయు, కొందరికి గడ్డ మాత్రము, కొందరికి గడ్డ తీసి పిమ్మట కిరణచికిత్స. 20 ఏండ్ల తరువాత బ్రదికియున్నవారు వరుసగ నూటికి 47, 46, 46. గడ్డ మాత్రము తీసినవారిలో అదే రొమ్ములో రోగము మరల కనబడినది నూటికి 39 మందికి. కిరణచికిత్స కూడ పొందినవారిలో 14 మందికి. హాల్‌స్టెడ్ పొరపాటు ఈ అంకెలలో స్పష్టముగ కనబడుచున్నది. తిరిగి పుట్టుటలో అంత తేడా యున్నను బ్రదుకుటలో లేదు. ఇటలీలోని మిలాను నగరమున ఉంబెర్టో వెరొనేసి 701 మంది స్త్రీలతో చేసిన ఇట్టి పరీక్ష కూడ ఈ మాటనే బలపరచినది. రోగము బయటపడునప్పటికే కొందరిలో కణములు రక్తముద్వారా దూరముగ చేరియుండుననియు, ఛాతీని ఎంత లోతుగ చెక్కినను వానిని అందుకొనలేమనియు ఫిషర్ వాదము నిలిచినది. అట్లని శస్త్రచికిత్సయే అక్కరలేదనుకొనుట మరొక అపోహ. గడ్డ పెద్దదైనను, రొమ్ములో పలుచోట్ల వ్యాపించియున్నను రొమ్మంతయు తీయుట నేటికిని అవసరమగును.

ఈ మార్పులో రోగుల పాత్ర చిన్నది కాదు. 1970ల వరకు అమెరికాలో గడ్డతో వచ్చిన స్త్రీకి మత్తిచ్చి, ముక్కను పరీక్షించి, కాన్సరైనచో ఆ మత్తులోనే రొమ్మును తీసివేయు ఆచారముండెను. మేలుకొన్నగాని రొమ్మున్నదో లేదో ఆమెకు తెలియదు. 1974లో తన గడ్డకు ఇట్లు చేయనీయనని పట్టుబట్టి, పరీక్షను, నిర్ణయమును వేరుచేయవలెనని పోరాడినది రోజ్ కుష్నర్ అను పత్రికారచయిత్రి. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పరచిన సభ హాల్‌స్టెడ్ శస్త్రచికిత్స ఇక ప్రామాణికము కాదని ప్రకటించెను. ఆ రెండు పనులను వేరుగ చేయవలెనని కూడ చెప్పెను. ఆ సభలో ఆమెయు సభ్యురాలు.

భీమవరమునుండి మిలానుకు

దూరము చేరిన కణములను పట్టుకొనుటకు రక్తముద్వారా పోవు మందు కావలెను. ఇచ్చట తెలుగువారి కథ కలియుచున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతిగా నుండగా ఫోలిక్ ఆమ్లమును, ఆ ఆమ్లమువలె నటించి కణముల పెరుగుదలను అడ్డగించు మందులను ఆయన బృందము తయారుచేసెను. వానిలో మెథోట్రెక్సేటు ఒకటి. ఆయన 1948లో మరణించెను. 1951లో నల్లజాతి వైద్యురాలు జేన్ రైట్ ఈ జాతి మందులు రొమ్ము కాన్సరు గడ్డలను కూడ తగ్గించుటను చూపెను. 1976లో మిలాను నగరమున జియానీ బొనడొనా మెథోట్రెక్సేటును మరి రెండు మందులతో కలిపి శస్త్రచికిత్సానంతరము ఇచ్చి ఫలితములను ప్రకటించెను. 27 నెలలలో మందు లేనివారిలో నూటికి 24 మందికి రోగము తిరుగబెట్టగా, మందు పొందిన 207 మందిలో నూటికి 5 గురికి మాత్రమే తిరుగబెట్టినది.

కొంత మేలైనది గనుక ఎక్కువైనచో ఇంకను మేలను హాల్‌స్టెడ్ తర్కము ఇచ్చట కూడ తల యెత్తినది. 1990లలో ఎముకల మూలుగ నశించునంత మోతాదులో మందులిచ్చి, తిరిగి మూలుగ కణములను ఎక్కించు చికిత్సను వేలకొలది స్త్రీలు పొందిరి. 1999లో వెలువడిన పరీక్షలలో ఎక్కువభాగము ప్రయోజనము లేదని చూపెను. మేలు కలుగుచున్నదని చెప్పిన దక్షిణాఫ్రికా వైద్యుడు బెజ్వోడా లెక్కలు కల్పితములని 2000లో తనిఖీలో బయటపడెను.

వంశమును గూర్చిన అపోహ రెండువైపుల పదునుగలది. 1866లో ఫ్రెంచి వైద్యుడు బ్రోకా తన భార్య కుటుంబములో తరతరములుగ ఈ రోగము వచ్చుటను ప్రకటించెను. 1990లో మేరీ క్లేర్ కింగ్ అట్టి కుటుంబములలో దోషముగల జన్యువు 17వ క్రోమోసోములో నున్నదని చూపెను. ఆ దోషము తండ్రివైపునుండి కూడ సంక్రమించును. అయినను అట్టి వంశపారంపర్యపు కాన్సరులు నూటికి 5 మొదలు 10 మాత్రమే. తక్కినవారి యిండ్లలో పూర్వమెవ్వరికిని ఉండియుండకపోవచ్చును. నూటికి ఒకటి పురుషులకు కూడ వచ్చును. తమకు రాదను ధీమాతో వారు ఆలస్యముగ వైద్యునికడకు పోవుదురు.

ఆధునిక వైద్యుల సలహాలు కూడ ఈ పరీక్షకు లోబడవలసినవే. నెలనెలా తమ రొమ్ములను తామే పద్ధతిగా తడిమి చూచుకొనినచో మరణములు తగ్గునని చాలకాలము బోధింపబడెను. చైనాలోని షాంఘై నగరమున సుమారు 2,66,000 మంది నేతమిల్లుల స్త్రీలతో జరిగిన పరీక్షలో అట్టి శిక్షణవలన మరణములు తగ్గలేదని 2002లో తేలినది. తన దేహములోని మార్పును గమనించి వెంటనే చూపించుకొనుట వేరు, నెలకొకమారు నియమముగ వెదకుట వేరు. మొదటిది నేటికిని ఉత్తమమే.

మరి ఎక్స్-రే యంత్రములు అందరికిని అందని దేశమున ఏమి చేయవలెను? బొంబాయి టాటా స్మారక ఆస్పత్రివారు 1998లో 35 మొదలు 64 ఏండ్ల వయస్సుగల 1,51,538 మంది స్త్రీలను రెండు భాగములుగ చేసిరి. ఒక భాగమువారికి రెండేండ్లకొకమారు, నాలుగు పర్యాయములు, ఆరోగ్య కార్యకర్తలు చేతితో రొమ్ములను పరీక్షించిరి. ఈ కార్యకర్తలు వైద్యులు కారు; కొలది వారముల శిక్షణ పొందిన స్త్రీలు. 20 ఏండ్ల ఫలితములు 2021లో వెలువడినవి. ముదిరిన దశలో బయటపడిన కాన్సరులు పరీక్ష లేనివారిలో నూటికి 47 కాగా, పరీక్షింపబడినవారిలో 37. మొత్తముమీద మరణములలో 15 శాతము తగ్గుదల కనబడినను అది యాదృచ్ఛికము కాదని గణితము చెప్పలేకపోయినది. 50 ఏండ్లు దాటినవారిలో మాత్రము మరణములు దాదాపు 30 శాతము తగ్గినవి. అది లెక్కకు నిలిచినది. అంతకంటె చిన్నవారిలో అట్టి తగ్గుదల కనబడలేదు.